దద్దమ్మ గెలిచిన రోజు

సైకిల్ షాపు పైనున్న ఆ గదికి నేను వెళ్ళింది గోడకు అరలు బిగించడానికి. మెట్ల కింద ట్యూబులకు పూసే జిగురు వాసన, మెట్ల పైన వేడెక్కిన వైర్ల వాసన. రెండూ కలిసేచోట తలుపు. కంప్యూటర్లు నేలమీద ఉంటే దుమ్ము లాగేసుకుంటున్నాయని, మంచి వడ్రంగి ఎవరైనా ఉన్నారా అని పెద్దాయన అడిగితే, "మా మామయ్య ఉన్నాడు సార్. పని చేస్తాడు, మాట్లాడడు" అని చెప్పిందట మా మేనకోడలు. నేను వెళ్ళేసరికే నా గురించి తెలుసుకోవలసిందంతా వాళ్ళకు తెలిసిపోయింది.

పెద్దాయన టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడో మొదలుపెట్టి, పిల్లవాణ్ణి పెంచినట్టు పెంచుతున్నాడు. సాయానికి ఆదివారాలూ సెలవురోజులూ కొంతమంది వస్తారు. వాళ్ళలో మా మేనకోడలు ఒకతె. తనకు బస్సు డిపోలో ఉద్యోగం, ఏ బస్సు ఎప్పుడు కదలాలో పట్టికలు వేయడం. అందుకని పెద్దాయన తనను టైంటేబుల్ అని పిలుస్తాడు. ఇంకొకతన్ని అందరూ కళ్ళజోడు అంటారు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ళకు దిగడం నేను అప్పటిదాకా చూడలేదు.

గదిలో కంప్యూటర్‌ను పెట్టె అంటారు. తలుపుకు ఎదురుగా గోడమీద ఒక చెక్కపలక, దానిమీద తెల్లరంగు అక్షరాలు: "ఏ రెండిటిని పోల్చినా ఒకే పెట్టె మీద పోల్చాలి." ఆ పలక వెనక కథ నాకు మొదటిరోజే చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఒకతను ప్రోగ్రాంలో ఏదో మార్చి, ఇంటి దగ్గర తన కొత్త కంప్యూటర్ మీద ఆడించుకుని వచ్చి, నా మార్పు గెలిచిందన్నాడట. తీరా చూస్తే గెలిచింది మార్పు కాదు, కొత్త కంప్యూటర్. ఆ గొడవలో సగంమంది రావడం మానేశారు. అప్పుడు రాయించాడు పెద్దాయన ఆ పలక. అక్కడ కూర్చునేవాళ్ళకు అది తిరుగులేని మాట.

ఆ ప్రోగ్రాంలో ఒక భాగం ఎత్తులు వెతుకుతుంది. ఒక భాగం ఎవరి బలమెంతో తూస్తుంది. మూడోది గడియారం, అంటే ఏ ఎత్తుకు ఎంతసేపు ఆలోచించాలో తేల్చే భాగం. దాన్ని మాత్రం పెద్దాయన ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇప్పుడు చూపు తగ్గి, ఎవరో ఒకరికి అప్పగించక తప్పడం లేదు. మా మేనకోడలికి కావలసింది అదే. ఎంతగా కావాలో నాకు తెలుసు. ఇంట్లో కూర తరుగుతూ కూడా దాని గురించే చెప్పేది. నేను వింటాను కాబట్టి నాకే చెప్పేది.

నేను మొదటి అర బిగిస్తున్న రోజు పెద్దాయనతో అడిగేసింది.

"మనది ఎదుటివాడి వంతు రాగానే చేతులు కట్టుకుని కూర్చుంటోంది సార్. ఆ టైం అంతా దండగ. అప్పుడు కూడా ఆలోచించాలి."

"దేని గురించి?" అన్నాడు కళ్ళజోడు. "ఎదుటివాడు ఏం వేస్తాడో తెలియందే ఏం ఆలోచిస్తుంది? దాని పెళ్ళి గురించా?"

"ఊహిస్తుంది. ఫలానా ఎత్తు వేస్తాడని ఒకటి అనుకుంటుంది. దానికి జవాబు వెతుకుతూ ఉంటుంది. అనుకున్నదే వేశాడా, జవాబు చేతిలో ఉంటుంది. వేరేది వేశాడా, అప్పటిదాకా చేసింది చెత్తబుట్టలోకి."

"మీ మామయ్యలాగన్నమాట."

"అచ్చంగా. మామయ్య ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఆలోచిస్తాడు. ఊహ తప్పితే నోరు మూసుకుంటాడు."

"అయితే ఇప్పటిదాకా ఒక్క ఊహా కలిసినట్టు లేదు" అన్నాడు కళ్ళజోడు.

నేను మరమేకు తిప్పుతూనే ఉన్నాను. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "చెప్పడం సులువు టైంటేబుల్. కొలిచి చూపించు. దీనివల్ల బలం పెరుగుతుందా, పెరిగితే ఎంత పెరుగుతుంది, అది తేల్చు. తేల్చితే గడియారం నీది. తేల్చలేకపోతే కళ్ళజోడుది. అతనూ అడుగుతున్నాడు" అన్నాడు.

పని ఎలా చేయాలో తెలిసినవాళ్ళు చేస్తుంటే చూడడం నాకు ఇష్టం. మా మేనకోడలు కొలిచిన తీరు అలా చూడదగ్గది. ఒకే ప్రోగ్రాంకు రెండు నకళ్ళు తీసింది. ఒకటి ఎదుటివాడి వంతులో కూడా ఆలోచిస్తుంది, రెండోది ఆలోచించదు. మిగతా అంతా ఒకటే. రెండిటినీ వందల ఆటలు ఆడించడానికి పెట్టింది. ప్రతి ఆటనూ ఒకసారి తెల్లపావులతో, మళ్ళీ అదే మొదలుతో నల్లపావులతో ఆడించింది, మొదట ఆడేవాడికి ఉండే మొగ్గు ఎవరివైపూ పడకుండా. తెర మీద గుర్రాలూ బంట్లూ నేను చూపు నిలిపేలోగా మాయమయ్యేవి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. తెర మూలన ఎవరు ఎన్ని గెలిచారో చూపించే చోట తను ఒక కాగితం ముక్క అంటించింది.

"అదెందుకు?" అన్నాడు పెద్దాయన.

"సగంలో చూస్తే ఆపబుద్ధవుతుంది సార్. మనకు నచ్చినచోట ఆపితే అది కొలత కాదు, కోరిక."

కళ్ళజోడు అటూ ఇటూ చూసి కాగితం అంచు పైకెత్తబోయాడు. తను స్కేలుతో వేళ్ళమీద ఒకటి వేసింది. చిన్నప్పుడు నేను తన వేళ్ళమీద అలాగే వేసేవాణ్ణి, ఉలి ముట్టుకుంటే.

ఆటలన్నీ అయ్యాక పెద్దాయన చేతే కాగితం తీయించింది. ఆలోచించే నకలు చిత్తుగా గెలిచింది. ఎంత గెలిచిందంటే, ఆ గదిలో ఇన్నేళ్ళలో ఏ ఒక్క మార్పూ అంత బలం తేలేదట. పెద్దాయన సుద్దముక్క తీసుకుని ఆ అంకెను గోడకున్న నల్లబోర్డు మీద పెద్దగా రాశాడు. "వచ్చే ఆదివారం అందరూ వస్తారు. వాళ్ళ ముందే గడియారం నీకు ఇస్తాను" అన్నాడు. కళ్ళజోడు చేయి కలిపి, "సరే మేడం, ఇకనుంచి టైం మీది" అన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ మాట మాత్రం మర్యాదగానే అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. సంగతి విని సూదులు తీసింది.

"అంటే ఏమిటే? ఆ గడియారం ఇంటికి తెస్తావా?"

"గోడకు తగిలించేది కాదమ్మా. ప్రోగ్రాంలో."

"తగిలించలేని గడియారం కోసమా ఇన్నాళ్ళూ అన్నం చల్లారబెట్టుకున్నావు?" అంది అక్క. కానీ ఆ సాయంత్రం ముగ్గురు గిరాకీలకు చెప్పింది, మా అమ్మాయికి గడియారం ఇస్తున్నారని. వాళ్ళేం అర్థం చేసుకున్నారో తెలియదు.

మర్నాడు సెలవు. నేను ఆఖరి అర చెక్కను సైకిల్ షాపు పక్కనున్న వరండాలో గరుకు కాగితంతో రుద్దుతున్నాను. మా మేనకోడలు పైనుంచి దిగివచ్చి నా పక్కన గట్టుమీద కూర్చుంది. గెలిచినవాళ్ళ మొహం కాదు అది. తన వేలితో చెక్కమీది పొట్టు మీద గీతలు గీస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది.

"మామయ్యా, ఊహ కలిస్తే లాభం, తప్పితే దండగ. అంతేనా?"

తలూపాను.

"అయితే ఊహలు ఎక్కువ కలిసిన ఆటల్లో ఎక్కువ గెలవాలి. ఎక్కువ తప్పిన ఆటల్లో లాభం తగ్గిపోవాలి. నిన్నటి ఆటలన్నీ అలా రెండు కుప్పలు చేశాను, ఏ ఊహకు ఎంత వస్తోందో చూద్దామని. తగ్గవలసినంత తగ్గలేదు. ఊహలు తప్పినా గెలుస్తూనే ఉంది."

నేను రుద్దడం ఆపాను. తనకు నేను జవాబు చెప్పాలని లేదు. తన ఆలోచనకు ఒక గోడ కావాలి, అంతే.

"చెత్తబుట్టలోకి పోయినదానివల్ల ఎలా గెలుస్తుంది?" అని, గట్టుమీద నుంచి లేచి పైకి వెళ్ళిపోయింది.

నేను చెక్క తీసుకుని పైకి వెళ్ళేసరికి కొత్త నకలు ఒకటి తయారుచేస్తోంది. ఇది ఎదుటివాడి వంతులో చదరంగం గురించి ఆలోచించదు. ఊరికే అంకెలు కూడుతుంది, కూడి పారేస్తుంది. మళ్ళీ కూడుతుంది. ఎదుటివాడు ఎత్తు వేయగానే ఆ కూడికలన్నీ మరిచిపోయి, అప్పుడు కొత్తగా ఆట మొదలుపెట్టి ఆలోచిస్తుంది. ఎంత పనిచేసినా దాని ఆటకు చిల్లిగవ్వంత ఉపయోగం లేదు.

"దీని పేరు దద్దమ్మ" అంది. "దీనికి లాభం సున్నా రావాలి. వస్తే నిన్నటి కొలత నిలుస్తుంది."

మూలన కాగితం అంటించింది. దద్దమ్మను ఏమీ ఆలోచించని నకలుతో ఆడించింది. నేను అర బిగించి, కంప్యూటర్ పైకెక్కించే వీలు చూసుకుంటూ, కావాలనే ఆలస్యం చేశాను. ఆటలు అయ్యాయి. తను కాగితం తీసింది.

దద్దమ్మ గెలిచింది. బొటాబొటిగా కాదు, దర్జాగా.

మా మేనకోడలు ముందు నవ్వింది. గట్టిగా, కడుపు పట్టుకుని. తర్వాత నవ్వు ఆపి గోడమీది పలక వైపు చూసింది. నేను కూడా అటే చూశాను. ఏమీ అర్థం కాలేదు. తనే చెప్పింది.

"ఈ పెట్టెలో బుర్ర ఒకటే మామయ్యా. రెండు ప్రోగ్రాంలూ దాన్నే వాడుకోవాలి. ఇంతవరకూ ఒకటి ఆలోచిస్తుంటే రెండోది ఊరుకునేది. కాబట్టి ఎవరి వంతులో వాళ్ళకు బుర్ర మొత్తం దొరికేది. అన్ని కొలతలకూ ఆ పలక మాట సరిపోయింది. ఈ ఒక్కదానికే సరిపోదు. మనది ఎదుటివాడి వంతులో ఆలోచిస్తోందంటే, ఎదుటివాడి బుర్రలో సగం లాక్కుంటోంది. వాడు సగం బుర్రతో ఆడుతున్నాడు. నాది బలపడడమే కాదు, వాడు నీరసపడుతున్నాడు. నేను రెండూ కలిపి కొలిచి, అంతా నా బలమే అనుకున్నాను. దద్దమ్మకూ అంతే. అది ఆలోచించి గెలవలేదు, పక్కవాణ్ణి ఆలోచించనివ్వక గెలిచింది."

అప్పుడు తెలిసింది నాకు. ఒకే గదిలో ఇద్దరు చదువుకుంటుంటే, ఒకడు గొంతెత్తి ఎక్కాలు చదివి రెండోవాణ్ణి చదవనివ్వకపోవడం లాంటిదే.

ఇంటికి వెళ్ళాక అక్కకు చెప్పింది. అక్క మిషన్ ఆపలేదు.

"ఎవరైనా కనిపెట్టారా?"

"లేదు."

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"అయితే ఆదివారం గడియారం తెచ్చుకుని, సోమవారం సరిచేసుకో. నీ చేతిలోకి వచ్చాక ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తానుగా" అంది మా మేనకోడలు. "బోర్డు మీద ఆ అంకె ఉన్నంతవరకూ, ఎవరు ఏ మార్పు చేసినా దానితో పోల్చుకుంటారు. అంత రాలేదని మంచివాటిని పారేస్తారు. కళ్ళజోడు ఈపాటికే తనదొకటి పారేశాడు."

మిషన్ ఆగింది. అక్క దారం కొరికి, "నీ ఇష్టం. మీ మామ పోలికే నీకు. అయితే వాడికి చెప్పే ధైర్యం లేదు, అందుకని ఊరుకుంటాడు" అంది నా వైపు చూడకుండానే.

సరిగ్గా కొలవాలంటే రెండు పెట్టెలు కావాలి, అచ్చం ఒకేలాంటివి. గదిలో ఉన్నవి తలా ఒక రకం. తను ఆటలాడించేదానికి జోడు ఒకటే ఉంది, అది పెద్దాయన ఇంట్లో. రెండూ ఒకేసారి కొన్నవి. అంటే పెద్దాయన దగ్గరకు వెళ్ళి, మీ అంకె తప్పు, మీ పలక మాట దీనికి పనికిరాదు, మీ పెట్టె నాకివ్వండి అని అడగాలి. మూడూ ఒకేసారి.

నన్ను రమ్మంది. పెట్టె మోయడానికి అంది. ఇవ్వకపోతే మోసేదేముంది అని నేను అడగలేదు.

పెద్దాయన ఇంటి ముందుగది చిన్నది. కిటికీ పక్కన బల్ల, దానిమీద పెట్టె, పక్కన చదరంగం బల్ల, పావులు సగం ఆటలో. తను నిలబడే చెప్పింది. దాచకుండా, సాగదీయకుండా చెప్పింది. పెద్దాయన మొహం పలక దగ్గరకు వచ్చేసరికి గట్టిపడింది.

"ఆ పలక ఎందుకు పెట్టానో నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"రెండు పెట్టెలు అంటే మళ్ళీ పాత గొడవే. నీ పెట్టె వేగం, నా పెట్టె నిదానం. ఎవడు నమ్ముతాడు?"

"సగం ఆటలయ్యాక పెట్టెలు మారుస్తాను. దీనిలో ఆడింది దానిలో ఆడుతుంది. ఏ పెట్టెకైనా మొగ్గు ఉంటే రెండువైపులా సమంగా పడుతుంది."

"నువ్వు అన్నీ ఆలోచించుకునే వచ్చావు."

"మీరు మెట్లు దిగి వెళ్ళినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. మీ టైంలోనే."

పెద్దాయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "దద్దమ్మను చూపించు" అన్నాడు. తను తెచ్చిన నకలును ఆయన పెట్టెలో ఎక్కించి ఆడించింది. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, కళ్ళు చికిలించి, ఆట తర్వాత ఆట చూశాడు. దద్దమ్మ అంకెలు కూడి పారేస్తూ, పారేస్తూ, గెలుస్తూ పోయింది. ఆయన భార్య టీ తెచ్చి పెట్టింది. తాగలేదు. చాలాసేపటికి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. వంగి, వైర్లు తనే ఒక్కొక్కటీ పీకాడు.

"మేస్త్రీ, జాగ్రత్త. మెట్ల దగ్గర రెండో మెట్టు కదులుతుంది" అన్నాడు నాతో.

నేను మోశాను. తను ముందు నడుస్తూ దారిలో మనుషులను పక్కకు జరిపింది, పెళ్ళికొడుకును తీసుకుపోతున్నట్టు.

గదిలో రెండు పెట్టెలూ నా అరల మీద పక్కపక్కన కూర్చున్నాయి. మధ్యన ఒక తీగ, ఎత్తులు అటూ ఇటూ చెప్పుకోవడానికి. ముందు దద్దమ్మను ఆడించింది. ఈసారి దద్దమ్మ ఎవరినీ ఓడించలేదు, ఎవరికీ ప్రత్యేకంగా ఓడనూ లేదు. ఎంత ఉపయోగం ఉందో అంతే చూపించింది. ఆ ఫలితం చూసినప్పుడు తన మొహంలో వచ్చిన వెలుగు నాకు మొదటిరోజు గెలుపు కన్నా బాగుంది. తర్వాత అసలుది పెట్టింది. సగంలో పెట్టెలు మార్చింది. మూలన కాగితం యథాప్రకారం ఉంది. కళ్ళజోడు వచ్చి కూర్చున్నాడు, ఈసారి కాగితం జోలికి పోలేదు.

ఆదివారం గది నిండింది. మెట్లమీద కూడా ఇద్దరు నిలబడ్డారు. నేను తలుపు దగ్గర, ఆఖరి మరమేకు ఇంకా బిగిస్తున్నట్టు నటిస్తూ ఉన్నాను. బోర్డు మీద పాత అంకె అలాగే ఉంది. మా మేనకోడలు అందరి ముందూ డస్టర్ తీసుకుని దాన్ని తుడిచింది. ఎందుకు తప్పో చెప్పింది. దద్దమ్మ సంగతి చెబుతుంటే గది గొల్లుమంది. నవ్వులు తగ్గాక కాగితం తీయమని పెద్దాయనను అడిగింది.

ఆలోచించే నకలు గెలిచింది. కానీ మొదటి లాభంలో సగానికి కాస్త పైన, అంతే. తను ఆ కొత్త అంకెను బోర్డు మీద రాసింది, పాతదానంత పెద్దగా కాకుండా.

"ఊహలు కలిసిన ఆటల్లో ఎక్కువ గెలిచింది. తప్పినవాటిలో తగ్గింది. ఇప్పుడు లెక్క కుదిరింది" అని సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుంది. గడియారం మాట ఎత్తలేదు. కానీ నుంచున్నచోటి నుంచి కదలలేదు. వినడానికి ఆగిందని నాకు తెలుసు.

పెద్దాయన కళ్ళజోడు వైపు తిరిగాడు. "షరతు మీ ఇద్దరి మధ్య పెట్టాను. నువ్వు చెప్పు."

కళ్ళజోడు లేచి బోర్డు దగ్గరకు వెళ్ళాడు. నుదుటి మీది అద్దాలు కళ్ళకు దించుకున్నాడు. అంకె చూశాడు, రెండు పెట్టెలనూ చూశాడు, మధ్యన ఉన్న తీగ చూశాడు.

"మొన్నటిదాన్ని నేను నమ్మలేదు" అన్నాడు. "ఎందుకు నమ్మలేదో చెప్పడానికి కారణం దొరకలేదు. కుళ్ళనుకున్నాను నాది. ఇది నమ్ముతున్నాను. గడియారం తనదే." అద్దాలు మళ్ళీ పైకి పోయాయి. "కానీ మేడం, ఆ దద్దమ్మ నాకు కావాలి. నేను పారేసినదాన్ని మళ్ళీ తీసి, ముందు దానితో ఆడించి చూస్తాను."

"పాడుచేయకుండా తిరిగి ఇస్తావా?" అంది మా మేనకోడలు.

"దద్దమ్మను ఇంకా ఏం పాడుచేస్తాను?"

పెద్దాయన నా దగ్గరకు వచ్చి స్క్రూడ్రైవర్ అడిగాడు. తనే కుర్చీ ఎక్కబోతే కళ్ళజోడు పట్టుకుని ఆపాడు. నేను ఎక్కి పలక విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని చేతుల్లో పట్టుకుని అక్షరాల మీద ఒకసారి బొటనవేలు నడిపించాడు. తర్వాత నాకే తిరిగి ఇచ్చాడు.

"చిత్రిక పట్టు మేస్త్రీ. చెక్క మంచిదే."

వరండాలో పెట్టి చిత్రిక పట్టాను. తెల్లరంగు అంటిన పొరలు చుట్టలు చుట్టుకుని రాలాయి, వాటిలో అక్కడక్కడా సగం అక్షరాలు. కింద చెక్క కొత్తదానిలా తేలింది. పైకి తీసుకెళ్ళేసరికి అందరూ కొత్త మాట ఎలా ఉండాలని వాదించుకుంటున్నారు. ఒకరు రెండు పెట్టెలు అన్నారు, ఒకరు పెట్టె కాదు బుర్ర అని రాయాలన్నారు. పెద్దాయన పలకను మా మేనకోడలి చేతికిచ్చి నువ్వు రాయి అన్నాడు.

తను పలకను గోడకు ఆనించి పెట్టింది. "ఇప్పుడే వద్దు సార్. ఇంకా కొన్ని కొలవాలి" అని, గడియారం భాగం తెరిచి ఆయన పక్కన కూర్చుంది. ఆయన వేలితో తెరమీద ఏదో వరుస చూపిస్తున్నాడు. తను వింటోంది. ఆయన మాట ముగించే లోపలే తరవాతి ప్రశ్న తన మొహంలో సిద్ధంగా ఉంది.

ఇంటికి వచ్చాక అక్క అడిగింది, "ఇచ్చారా?"

"ఇచ్చారు. లాభం సగానికి తగ్గినా ఇచ్చారు."

"సగానికి ఇచ్చేదానికి, మొత్తం వచ్చినప్పుడే తెచ్చుకుంటే పోయేది కదే" అంది అక్క, కంచంలో అన్నం వేడిగా వడ్డిస్తూ.

మొన్న ఇంకో అర కావాలంటే వెళ్ళాను. పలక గోడకు తగిలించే ఉంది. దానిమీద ఇంకా ఏమీ రాయలేదు.